సంఘ సభ్యులిద్దరి మధ్య జాబ్‌వర్క్ తగాదా: పెద్దల కమిటీ తేల్చాలంటే పద్ధతి ఏమిటి?

సంఘ_కార్యదర్శి, బెంగళూరు

అందరికీ వందనాలు. పీణ్య వైపు ఉన్న తెలుగు క్రైస్తవ సంఘం మాది. సభ్యుల్లో చాలామందికి మెషీన్ షాపులే జీవనాధారం. ఇద్దరు సభ్యుల మధ్య వ్యాపార తగాదా వచ్చింది. కోర్టుకు పోము, పెద్దలే తేల్చాలని ఇద్దరూ కమిటీకి చెప్పారు. పేర్లు వద్దు, 'ఎ' అనీ 'బి' అనీ అంటాను.

'ఎ' ఒక ఫౌండ్రీ (పోతలు పోసే ఫ్యాక్టరీ) నుంచి ఎస్‌జీ ఐరన్ బేరింగ్ హౌసింగ్ కాస్టింగులు (బేరింగు కూర్చునే పోత ఇనుము భాగాలు) తెప్పించి 'బి'కి ఇచ్చారు. 'బి' సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే మెషీన్) మీద టర్నింగ్, బోరింగ్ (బయటి వైపు చెక్కి, లోపలి రంధ్రం కోయడం) చేసి ఇవ్వాలి. మొత్తం 3,000 పీసులు, పీసుకు లేబర్ 85 రూపాయలు, జీఎస్‌టీ వేరే. 'ఎ' కస్టమరు 412 పీసులు రిజెక్ట్ చేసి ఆ డబ్బు 'ఎ' బిల్లులో కోసుకున్నాడు. 'ఎ' లక్ష రూపాయలు ఇచ్చి మిగతా 1,55,000 ఆపేశారు. కాస్టింగు ఒక్కోటి 240 చొప్పున 98,880 రూపాయల నష్టం 'బి' భరించాలంటున్నారు. కాస్టింగుల్లోనే బ్లో హోల్స్ (పోతలో గాలి మిగిల్చిన గుంటలు) ఉన్నాయి, నా ఇన్‌సర్టులు (మెషీన్‌లో కోత కోసే ముక్కలు) కూడా విరిగాయి, నా తప్పేమీ లేదని 'బి' అంటున్నారు. మధ్యలో 'ఎ' ఇచ్చిన 55,000 చెక్కు ఒకటి స్టాప్ పేమెంట్ అని వెనక్కి వచ్చింది.

కమిటీలో తొమ్మిదిమందిమి. కొరింథీ సంఘానికి పౌలు రాసినట్టు, సహోదరులు కోర్టుకెక్కకుండా సంఘంలోనే తేల్చుకోవాలన్న మాటకు అందరం ఒప్పుకుంటాం. ఎలా తేల్చాలన్నదగ్గరే తలో మాటా. అమెరికాలో యూటాకు మొదట వలస వెళ్లిన మోర్మన్లు ఇలాంటి వ్యాపార తగాదాలన్నీ సంఘ కౌన్సిల్లోనే తీర్చుకునేవారని, పన్నెండుమంది కూర్చుని చీటీలు వేసేవారని మా పెద్ద ఒకరు చెప్పారు. వాళ్ల సిద్ధాంతంతో మాకు పని లేదు, పద్ధతి మాత్రం తెలుసుకోవాలనుంది. చీటీలతో తీర్పు ఏమిటి? అలాంటి కౌన్సిల్ తీర్పు ఇక్కడ చెల్లుతుందా? మెషీనింగ్ తెలియని పెద్దలు ఆ 412 పీసుల సంగతి ఎలా తేల్చగలరు?

పాత_రికార్డులు

బ్రదర్, చీటీలు తీర్పు కోసం కాదు. ఎవరు ఏ పక్షం చూడాలి, ఎవరు ముందు మాట్లాడాలి అన్నదానికి.

1834 ఫిబ్రవరి 17న ఒహాయోలోని కర్ట్‌లాండ్‌లో మోర్మన్ సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఇంట్లో వాళ్ల మొదటి హై కౌన్సిల్ (సంఘ పెద్దల తీర్పు సభ) ఏర్పడింది. విచారణ ఎలా జరగాలో ఆ సమావేశపు మినిట్స్‌లోనే రాసుకున్నారు. తర్వాత అది వాళ్ల 'డాక్ట్రిన్ అండ్ కవెనెంట్స్' గ్రంథంలో 102వ ప్రకరణమైంది. పన్నెండుమంది సభ్యులు, వాళ్ల మీద ఒక అధ్యక్షుడు, ఆయనకు ఇద్దరు సహాయకులు. పన్నెండుమందిలో కనీసం ఏడుగురు ఉంటేనే కౌన్సిల్ కూర్చున్నట్టు. 1 నుంచి 12 వరకు నంబర్ల చీటీలు తీస్తారు. సరి సంఖ్య వచ్చిన ఆరుగురి బాధ్యత ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి అవమానం, అన్యాయం జరగకుండా చూడడం. గమనించండి, వాళ్లు అతని వకీళ్లు కారు. అతను చేసింది తప్పే అని తేలితే తేలనివ్వాలి, విచారణలో మాత్రం అతన్ని నలిపేయకూడదు. ఈ ఏర్పాటు చేసినవాళ్లకు ఊరి పంచాయితీల స్వభావం బాగా తెలుసనిపిస్తుంది. మంది ఎటు ఉంటే మాటలు అటే పోతాయి కదా.

కేసు మొదలయ్యే ముందు అది కష్టమైనదా కాదా అని పన్నెండుమందీ తేల్చుకోవాలి. మామూలు కేసయితే ఇద్దరే మాట్లాడతారు. కష్టమైతే నలుగురు, మరీ కష్టమైతే ఆరుగురు. అంతకు మించి లేదు. మాట్లాడేవాళ్లు ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాలి, న్యాయంగా చెప్పాలి. సాక్ష్యాలు విన్నాక, వీళ్ల మాటలు అయ్యాక, తీర్పుకు ముందు వాది, ప్రతివాది ఇద్దరికీ సొంతంగా మాట్లాడే హక్కుంది. అప్పుడు అధ్యక్షుడు తీర్పు చెప్పి పన్నెండుమంది సమ్మతి ఓటు అడుగుతాడు. మాట్లాడని సభ్యుల్లో ఎవరికైనా ఆ తీర్పులో పొరపాటు కనిపిస్తే లేచి చెప్పవచ్చు, అప్పుడు కేసు మళ్లీ వింటారు.

యూటాకొస్తే, వాళ్లు 1847 జులైలో సాల్ట్ లేక్ లోయకు చేరారు. అదే అక్టోబరులో అక్కడ హై కౌన్సిల్ పెట్టారు. జోసెఫ్ స్మిత్ బాబాయి జాన్ స్మిత్ దానికి పెద్ద. అప్పటికి అక్కడ ప్రభుత్వమంటూ ఏదీ లేదు కాబట్టి భూమి, కాలువ నీళ్లు, తప్పిపోయిన పశువులు, బాకీలు అన్నీ ఆ కౌన్సిల్ ముందుకే వచ్చేవి. 1849లో నగరాన్ని 19 వార్డులు చేసి ఒక్కోదానికి ఒక బిషప్‌ను పెట్టాక మెట్లు ఏర్పడ్డాయి. ముందు ఇద్దరూ ముఖాముఖి మాట్లాడుకోవాలి, కుదరకపోతే వార్డులో ఇళ్లకు తిరిగే బోధకులు రాజీ చేయాలి, తర్వాత బిషప్ కోర్టు, దాని మీద అప్పీలుకు హై కౌన్సిల్, ఆ పైన మొత్తం సంఘానికి పెద్దలైన ప్రథమ అధ్యక్షత్వం. మొదటి మెట్టు మన మత్తయి 18వ అధ్యాయమే. సంఘంలో చెప్పకుండా నేరుగా బయటి కోర్టుకు వెళ్లి సహోదరుడి మీద దావా వేయడమే అక్కడ క్రమశిక్షణకు వచ్చే తప్పు.

అది అక్కడ పనిచేసిందంటే కారణం ఆ పద్ధతి ఒక్కటే కాదు. లోయలో కొనేవాడు, అమ్మేవాడు, కాలువలో పక్క వాటాదారు, అందరూ సభ్యులే. తీర్పు కాదన్నవాణ్ని సంఘం నుంచి తీసేస్తే వ్యాపారమే పోతుంది. పీణ్యలో మీ 'ఎ'ను సంఘం నుంచి తీసేస్తే ఆయన వచ్చే ఆదివారం ఇంకో సంఘానికి వెళ్తారు, అంతే. కాబట్టి విచారణ పద్ధతిని తీసుకోండి. అమలు సంగతి వాళ్ల దగ్గర నేర్చుకునేది కాదు.

సివిల్_సైడు

అమలు సంగతి నేను చెబుతాను.

పెద్దలు చెప్పిన మాటకు ఇద్దరూ తల ఊపితే అది నోటి రాజీ. ఒకరు తర్వాత మాట తప్పితే రెండోవారు ఆ రాజీని రుజువు చేసుకుంటూ మొదటినుంచి దావా వేయాలి. అదే పెద్దలు ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టం 1996 కింద ఆర్బిట్రేటర్లుగా (మధ్యవర్తులుగా) కూర్చుంటే వాళ్ల అవార్డు (తీర్పు) సెక్షన్ 36 కింద కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. ఆర్బిట్రేటర్ లాయరు కానక్కర్లేదు.

ముందు కావాల్సింది కాగితం. సెక్షన్ 7 ప్రకారం ఆర్బిట్రేషన్ ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. మీ కేసుకు రెండు పేజీలు చాలు. రెండు ఫర్ముల పేర్లు, జీఎస్‌టీ నంబర్లు, ఏ పీఓ (కొనుగోలు ఆర్డరు), ఏ చలాన్లు, ఏ బిల్లులు. తేల్చాల్సిన ప్రశ్నలు: 412 పీసుల్లో ఎవరి తప్పు ఎంత, 'బి' బిల్లులో ఇవ్వాల్సింది ఎంత, వడ్డీ ఉందా. ఆర్బిట్రేటర్ల పేర్లు. స్థలం బెంగళూరు. భాష తెలుగు అని రాసుకోవచ్చు, సెక్షన్ 22 ఆ స్వేచ్ఛ ఇస్తుంది. అయితే అవార్డు ఎప్పటికైనా బెంగళూరు కోర్టులో చూపించాల్సి రావచ్చు, అందుకని దాన్ని ఇంగ్లీషులో రాయించండి.

ఆ కాగితంలో జనం మరిచిపోయే వాక్యం ఒకటుంది. పెద్దలు 'ధర్మం ప్రకారం, మనస్సాక్షి ప్రకారం' తీర్పు చెప్పాలంటే సెక్షన్ 28(2) ప్రకారం ఇద్దరూ దానికి స్పష్టంగా అధికారం ఇవ్వాలి. ఆ మాట లేకపోతే పెద్దలు చట్టం, కాంట్రాక్టు ప్రకారమే తేల్చాలి. పీఓలో లేని దయ చూపిస్తే అవార్డు మీద సెక్షన్ 34 కింద దాడికి అదే సందు అవుతుంది.

సంఖ్య విషయంలో, సెక్షన్ 10 సరి సంఖ్య వద్దంటుంది. కాబట్టి పన్నెండు కుదరదు. తొమ్మిది చెల్లుతుంది గానీ తొమ్మిదిమందీ ప్రతి సిటింగ్‌కూ రావాలి, అందరూ అన్నీ వినాలి. ముగ్గురిని పెట్టండి. పైన చెప్పిన సరి-బేసి పద్ధతి మీకు నచ్చితే ఇంకో నలుగురిని చీటీ వేసి ఇద్దరిద్దరుగా మాట్లాడేందుకు పెట్టుకోండి. కానీ ఆ నలుగురు అవార్డు మీద సంతకం చేయకూడదు, ముగ్గురు విడిగా కూర్చుని ఆలోచించేటప్పుడు వాళ్లు ఆ గదిలో ఉండకూడదు. ఒక పక్షం చూడమని పెట్టినవాడే తీర్పూ చెప్పడం ఇక్కడి చట్టం ముందు నిలవదు.

సెక్షన్ 12 కింద ప్రతి ఆర్బిట్రేటరూ తనకున్న సంబంధాలు రాతపూర్వకంగా చెప్పాలి. బంధుత్వం, వ్యాపారం, అప్పు. సంఘాల్లో ఇంకొకటి కూడా ఉంటుంది: మందిరం కట్టడానికి ఎవరు ఎంత ఇచ్చారన్నది. ఇద్దరిలో ఒకరు పెద్ద మొత్తం ఇచ్చి ఉంటే అది కూడా కాగితం మీదకు రావాలి. పాస్టరు గారిని ఆర్బిట్రేటరుగా పెట్టవద్దనే నా సలహా. ఆయన ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేయాలి, మాట్లాడాలి. ఆర్బిట్రేటరు ఒక పక్షంతో విడిగా కేసు సంగతి మాట్లాడకూడదు. రెండూ ఒకే మనిషి చేయలేడు. సెక్షన్ 42ఎ ప్రకారం విషయం గోప్యంగా ఉంచాలి, కాబట్టి ప్రార్థన విన్నపాల్లో ఈ తగాదా చదవకండి.

అవార్డు రాతలో ఉండాలి. ముగ్గురి సంతకాలు, కారణాలు, తేదీ, స్థలం, ఇద్దరికీ సంతకం చేసిన ప్రతి ఒక్కోటి. ఇవన్నీ సెక్షన్ 31. లెక్క తప్పు ఉంటే 30 రోజుల్లో సెక్షన్ 33 కింద సరిచేయమని అడగవచ్చు. కోర్టులో సవాలు చేయడానికి గడువు 3 నెలలు, తగిన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు. మధ్యలో ఇద్దరూ రాజీ పడితే ఇంకా మంచిది, సెక్షన్ 30 కింద ఆ రాజీనే అవార్డుగా రాయవచ్చు, దానికీ అంతే బలం. ఒప్పందానికీ అవార్డుకూ కర్ణాటక స్టాంపు చట్టం ప్రకారం స్టాంపు పడాలి. స్టాంపు లేని ఆర్బిట్రేషన్ ఒప్పందం చెల్లకుండా పోదని, అది సరిదిద్దుకోగల లోపమని సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల బెంచి 2023 డిసెంబరులో చెప్పింది. అయినా తర్వాత పెనాల్టీ కట్టడం కంటే ముందే ఈ-స్టాంపు తీసుకోవడం చవక.

ఇక గడియారాలు. సంఘంలో మాట్లాడుతున్నాం కదా అని కాలపరిమితి ఆగదు. చెల్లింపు గడువు రాసుకోని పని కూలికి పని పూర్తయిన రోజు నుంచి 3 ఏళ్లు. ఆర్బిట్రేషన్ కోరుతూ రాసిన నోటీసు ఎదుటివారికి అందిన రోజున ఆ గడియారం ఆగుతుంది, అదీ సెక్షన్ 21. లేదా 'ఎ' బాకీ ఉన్నానని మూడేళ్లలోపు సంతకంతో రాసిస్తే మళ్లీ మొదటినుంచి లెక్క.

చెక్కు గడియారం ఇంకా చిన్నది. బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు, అందాక 15 రోజులు ఆగడం, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. స్టాప్ పేమెంట్ చెక్కుకూ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ వర్తిస్తుంది. కమిటీ 'బి'ని ఓపిక పట్టమని చెప్పి ఆ 30 రోజులు దాటిస్తే ఆయన హక్కును కమిటీయే పోగొట్టినట్టు. నోటీసు ఇవ్వనివ్వండి. రాజీ కుదిరాక అదే చట్టం సెక్షన్ 147 కింద ఆ కేసు రాజీ చేసుకోవచ్చు. ఆ క్రిమినల్ భాగం మాత్రం పెద్దలు తేల్చేది కాదు.

సంఘ_కార్యదర్శి, బెంగళూరు

చాలా మేలు చేశారు. చెక్కు మెమో తేదీ ఈ రాత్రికే అడుగుతాను. ఒక ఆందోళన ఉంది. రిజెక్టయిన పీసులు కొన్ని 'ఎ' గోడౌన్‌లో, కొన్ని 'బి' షెడ్డులో ఉన్నాయి, కస్టమరు దగ్గర ఇంకా వెనక్కి రానివి ఉన్నాయట. 'ఎ' వాటిని స్క్రాపుకు వేసేస్తానంటున్నారు. మా ముగ్గురిలో ఒకరు టీచరు, ఒకరు రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి. బోరు కొలవడం వాళ్లకు తెలియదు.

బోర్‌గేజ్

స్క్రాపుకు వేయనివ్వకండి! అది ఇవాళే చెప్పండి. పీసులు లేకపోతే మిగిలేది రెండు నోళ్లే. పైగా కాస్టింగు లోపానికి ఫౌండ్రీ దగ్గర డబ్బు రాబట్టాలంటే 'ఎ' ఆ పీసులు వెనక్కి చూపించాలి. ఫౌండ్రీలు మామూలుగా కాస్టింగుకు బదులు కాస్టింగు ఇస్తాయి, మెషీనింగ్ ఖర్చు ఇవ్వవు. ఈ తగాదాలో నిజంగా దొరకాల్సినవాడు ఫౌండ్రీవాడే, వాడేమో మీ బల్ల దగ్గర లేడు.

మూడు చోట్ల ఉన్న పీసులను చలాను మీద ఒకచోటికి తెప్పించండి. ఇద్దరి ఎదుటా లెక్కపెట్టి, బిన్లకు సీలు వేసి, సీలు మీద ఇద్దరితో సంతకం పెట్టించండి. మెషీన్ చేసిన ముఖాలకు తుప్పు నివారణ నూనె పూయండి. వానాకాలం షెడ్డులో పడేస్తే బోరు తుప్పు పట్టి కొలత మీదే కొత్త తగాదా వస్తుంది.

కొలిచే మనిషిని బయటినుంచి తెచ్చుకోండి. ఇద్దరికీ వ్యాపారం లేని టూల్ రూము ఇన్‌స్పెక్టరు గానీ, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు గానీ. ఆయనకు ఇవ్వాల్సింది కస్టమరు డ్రాయింగు, అదీ ఏ రివిజనో (ఎన్నో సవరించిన ప్రతో) చూసి. 'బి' దగ్గర పాత రివిజన్, కస్టమరు దగ్గర కొత్తది ఉండి, మధ్యలో పంపడం మరిచినవాడు 'ఎ' అయితే కథ అక్కడే మారిపోతుంది. డ్రాయింగు పంపిన మెయిలు తేదీ అడగండి.

మా పనిలో రిజెక్షన్ రెండు రకాలు. సీఆర్ అంటే కాస్టింగు రిజెక్షన్, ఎంఆర్ అంటే మెషీనింగ్ రిజెక్షన్. బ్లో హోల్ అయితే లోపల నున్నగా, గుండ్రంగా ఉంటుంది, సీఆర్. గుంటలో ఇసుక రేణువులు గరుకుగా తగిలితే అదీ సీఆర్. బోరులో ఒక పక్క కోత పడి రెండో పక్క నల్లగా మిగిలిపోతే చూడాలి: కోర్ (లోపలి ఖాళీ కోసం అచ్చులో పెట్టే ఇసుక దిమ్మ) జరిగి గోడ ఒక వైపు పల్చబడిందా, లేక 'బి' మెషీన్‌లో పీసును పట్టి ఉంచే చక్‌లో పీసును వంకరగా పట్టాడా. గోడ మందం నాలుగు చోట్ల కొలిస్తే తెలుస్తుంది. మెషీన్ చేయని కాస్టింగులు కొన్ని మిగిలి ఉంటే వాటినీ కొలవండి, వాటిలోనే మందం తేడా ఉంటే కోర్ షిఫ్టే. సైజు పెద్దది కావడం, టేపర్ (బోరు ఒక చివర వెడల్పు కావడం), చాటర్ గీతలు (కోత అదిరినప్పుడు పడేవి) ఇవన్నీ మొదటి చూపుకు ఎంఆర్.

అసలు చిక్కు గుండ్రతనం దగ్గర. మూడు దవడల చక్ గట్టిగా బిగిస్తే పల్చని గోడ నొక్కుకుంటుంది, అలాగే బోరింగ్ చేసి వదిలితే వెనక్కి స్ప్రింగయి మూడు మూలల ఆకారం తేలుతుంది. రెండు బిందువుల డయల్ బోర్ గేజ్‌తో ఎటు తిప్పి కొలిచినా దాదాపు ఒకే రీడింగు చూపిస్తుంది, ఎందుకంటే ఒక పక్క ఉబ్బుకు ఎదురుగా లోతు వస్తుంది. 'బి' తన గేజ్ చూపించి 'సైజు ఓకే' అంటాడు, అబద్ధం కాదు. కస్టమరు సీఎంఎం (బిందువు బిందువూ కొలిచే యంత్రం) మీద పెట్టి అవుట్ అంటాడు, అదీ అబద్ధం కాదు. ఇలాంటి పీసులను మూడు బిందువుల ఇన్‌సైడ్ మైక్రోమీటరుతో గానీ సీఎంఎం మీద గానీ మళ్లీ కొలవాలి. తేలితే ఎంఆర్, ఎందుకంటే బిగింపు 'బి' చేతిలోది. గోడ డ్రాయింగు కంటే పల్చగా వచ్చిందని తేలితే మాత్రం మొత్తం 'బి' మీద వేయకండి.

ఇన్‌సర్టులు విరిగాయన్న మాటకు రుజువు హీట్ నంబరు (ఏ విడత కరిగించిన లోహంతో పోశారో చెప్పే గుర్తు). కాస్టింగు మీద పోసిన హీట్ కోడ్ ఉంటుంది. రిజెక్టులన్నీ ఒకటి రెండు హీట్లలోనే పోగుపడితే ఫౌండ్రీ సమస్య. హీట్లన్నిటిలో సమంగా ఉండి, ఒకే మెషీన్ లేదా ఒకే షిఫ్టులో పోగుపడితే 'బి' సమస్య. ఈ ఒక్క పట్టిక వేయడానికి బోరు కొలవడం రానక్కర్లేదు, మీ బ్యాంకు ఆయన వేసేస్తారు. గట్టి మచ్చలు ఉన్నాయంటే రెండు పీసులు కోసి ల్యాబులో హార్డ్‌నెస్ చూపించండి.

లెక్క ఎలా వస్తుందో ఊహాసంఖ్యలతో చూపిస్తాను. 412లో 230 సీఆర్, 150 ఎంఆర్, 32 రీవర్క్ అయ్యేవి అనుకుందాం. రిజెక్ట్ పీసు స్క్రాపు విలువ 60 అని ఇద్దరూ ఒప్పుకున్నారనుకుందాం. ఎంఆర్ పీసులకు లేబర్ రాదు: 150 × 85 = 12,750. వాటి కాస్టింగు నష్టం 240లో స్క్రాపు 60 పోగా 180 చొప్పున 27,000, అదీ 'బి' మీద, స్క్రాపు మాత్రం 'ఎ'కే. సీఆర్ పీసుల కాస్టింగు 'ఎ' భరించాలి. 2,55,000లో 12,750, 27,000 తీసేస్తే 2,15,250. ఇచ్చిన లక్ష పోగా 1,15,250. రీవర్క్ 32 పీసులు 'బి' సొంత ఖర్చుతో చేసివ్వాలి, చెప్పిన తేదీకి ఇవ్వకపోతే అవీ ఎంఆర్ లెక్కలోకే.

పెద్దలు మనస్సాక్షి వాడాల్సిన చోటు ఒకటే ఉంది. బ్లో హోల్ లోపల దాగి ఉండి ఆఖరి కోతలో బయటపడితే 'బి' పని చేసేసినట్టే, 230 × 85 = 19,550 లేబర్ ఇవ్వాలా? పీఓలో రాసి ఉంటే అదే. లేకపోతే నా ఓటు ఇవ్వాలనే. కానీ మొదటి కోతలోనే కంటికి కనిపించే గుంటను చూసీ మిగతా ఆపరేషన్లు చేసుకుంటూ పోయి ఉంటే, ఆ తర్వాతి పనికి కూలి అడగడం సరికాదు. అలాంటి పీసులను విడిగా లెక్కపెట్టమని ఇన్‌స్పెక్టరుకు ముందే చెప్పండి.

పద్దుల_సిస్టర్

లెక్క బాగుంది. పుస్తకాల్లో ఎలా రాస్తారన్నది కూడా చూసుకోండి అన్నయ్యా, లేకపోతే రాజీ అయ్యాక ఆడిటరు దగ్గర మళ్లీ గొడవ.

ముందు ఆ లక్షలో టీడీఎస్ కోసి ఇచ్చారా, కోయకుండా ఇచ్చారా చూడండి. కోసిన టీడీఎస్ కూడా చెల్లింపు కిందే లెక్క. తర్వాత 12,750 లేబర్ తగ్గింపుకు 'బి' క్రెడిట్ నోట్ (బిల్లు తగ్గించానన్న కాగితం) ఇవ్వాలి. ఆ బిల్లు ఏ ఆర్థిక సంవత్సరానిదో అది ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు రిటర్నులో చూపిస్తేనే 'బి' పన్ను తగ్గించుకోగలరు. ఆలస్యమైతే డబ్బు వదులుకున్నా పన్ను కట్టినట్టే. 27,000 కాస్టింగు నష్టాన్ని లేబర్‌లో కలిపేయకండి. అవార్డులో వేరే వరుసగా ఉండాలి, దానికి ఏ కాగితం ఇవ్వాలో ఇద్దరి ఆడిటర్లు తేల్చుకుంటారు.

'ఎ' గారు 'బి' బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (బిల్లులోని జీఎస్‌టీని తన పన్నులో తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే ఇవ్వని భాగానికి క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి. ఇచ్చాక మళ్లీ తీసుకోవచ్చు. బిల్లు ఆపడం ఖర్చులేని పని అనుకునేవారికి ఇది చెప్పాలి. అలాగే జాబ్‌వర్క్‌కు పంపిన కాస్టింగులు ఏడాదిలోపు వెనక్కి రాకపోతే పంపిన రోజే అమ్మినట్టు లెక్కవుతుంది. 'బి' షెడ్డులో పడి ఉన్న రిజెక్టులు కూడా చలానుతో వెనక్కి వెళ్లాలి.

'బి'కి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా? సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదై ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పుకున్న గడువైనా 45 రోజులు దాటకూడదు, దాటితే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. సంఘం కోసం ఆ వడ్డీ వదులుకుంటానని 'బి' అంటే అనవచ్చు. కానీ తనకు అది ఉందని తెలిసి వదులుకోవాలి. తెలియనివాడితో వదిలించడం రాజీ కాదు.

పాత_రికార్డులు

సిస్టర్ ఆఖరి మాటకు తోడు: కర్ట్‌లాండ్ పద్ధతిలో సరి సంఖ్యలవాళ్లు ఉన్నది ఇందుకే. 'బి' తరఫున చూడమని పెట్టిన ఇద్దరు ఈ వడ్డీ సంగతి ఆయనకు చెప్పాలి. 'ఎ' తరఫున చూసే ఇద్దరు ఫౌండ్రీ మీద ఆయనకున్న దారి, 180 రోజుల సంగతి చెప్పాలి.

సివిల్_సైడు

ఇంకొన్ని. ప్రభు బల్లకు రానివ్వం అని చెప్పి ఎవరి చేతా సంతకం పెట్టించకండి. కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్‌లో అనుచిత ప్రభావం అన్నది ఇలాంటి పలుకుబడి గురించే. క్రమశిక్షణ ఏదైనా ఉంటే అది సంఘ నియమావళి ప్రకారం, వేరే సమావేశంలో, వేరే మినిట్స్‌లో.

ఆర్బిట్రేషన్ అంత తతంగం వద్దు, ఇద్దరూ ఇప్పటికే రాజీకి దగ్గరగా ఉన్నారంటే లోక్ అదాలత్ దారి ఉంది. కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవల సంస్థలో అర్జీ పెట్టి, రాజీ షరతులు అక్కడ రాయించుకుంటే 1987 చట్టం 21వ సెక్షన్ కింద అదీ డిక్రీయే, దాని మీద అప్పీలు లేదు. కాకపోతే ఎవరి తప్పు ఎంత అని లోక్ అదాలత్ తేల్చదు, ఒప్పుకున్నదాన్ని మాత్రమే రాస్తుంది. మీ దగ్గర ఆ 412 పీసుల సంగతి తేలాలి కాబట్టి ముందు ఇన్‌స్పెక్టరు రిపోర్టు తెప్పించండి. అది చూశాక ఇద్దరూ ఒక అంకెకు వస్తే లోక్ అదాలత్, రాకపోతే ముగ్గురు పెద్దలు.

ఏ దారైనా చెల్లింపు షరతు ఇలా రాయించండి: సంతకం రోజే మొదటి వాయిదా బ్యాంకు ద్వారా, మిగతావి తేదీలతో, ఏ వాయిదా అయినా 7 రోజులు దాటితే మిగిలిన మొత్తం ఒకేసారి ఇవ్వాలి, ఆ రోజు నుంచి వడ్డీ ఇంత. చెక్కు కేసు వెనక్కి తీసుకోవడం ఆఖరి వాయిదా జమ అయ్యాక. రీవర్క్ పీసుల తేదీ మాత్రం మొదటి వాయిదా తర్వాత పెట్టండి, లేకపోతే డబ్బు ముందా పీసులు ముందా అని మళ్లీ ఆగిపోతుంది.